గూఢచార సంస్థలలో ప్రాధాన్యాల నిర్ణయం

గూఢచార సంస్థలలో ప్రాధాన్యాల నిర్ణయం అనగా ఒక నిఘా సంస్థ తనకున్న సిబ్బందిని, ధనాన్ని, సాధనాలను ఏయే విషయాల సేకరణకు, పరిశోధనకు, విధాన రూపకల్పనకు ముందుగా వినియోగించాలో నిశ్చయించే పాలనాప్రక్రియ. ఏ సంస్థా అన్నిటినీ ఒకేసారి గమనించలేదు. కనుక దేనిని గమనించాలి అన్నదానితో పాటు దేనిని విడిచిపెట్టాలి అన్నది కూడా ఈ నిర్ణయంలో భాగమే. ఆంధ్రదేశంలో దీనికి చెప్పుకోదగిన ఉదాహరణలు నర్సీపట్నం, రోలుగుంటలను ఆనుకొని ఉన్న విశాఖ మన్యం చరిత్రలో లభిస్తాయి.

ప్రక్రియ

సాధారణంగా ప్రభుత్వాధినేతలు తమకు తెలియవలసిన ప్రశ్నలను సంస్థకు అందజేస్తారు. సంస్థ వాటికి వరుసక్రమం ఏర్పరచి, క్షేత్రస్థాయి ఉద్యోగులకు పనిగా అప్పగిస్తుంది. వచ్చిన సమాచారాన్ని విశ్లేషకులు పరిశీలించి నివేదిక తయారుచేస్తారు. నివేదిక చదివినవారు కొత్త ప్రశ్నలు వేస్తారు. ఈ చక్రంలో అత్యంత బలహీనమైన దశ మొదటిదే. ప్రశ్న తప్పయితే జవాబు ఎంత నిజమైనా ప్రయోజనం ఉండదు. ముగ్గురు వేగుల మాట ఒకటైతేనే నమ్మవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతున్నది. ఆ నియమం జవాబును సరిచూస్తుంది గాని, ప్రశ్నను సరిచూడదు.

అమెరికాలో ఇందుకోసం 2003లో జాతీయ గూఢచార ప్రాధాన్యాల చట్రం ఒకటి ఏర్పడింది. బ్రిటనులో 1936 నుండి సంయుక్త గూఢచార సంఘం పనిచేస్తున్నది.

మన్యంలో 1922

అల్లూరి సీతారామరాజును ప్రభుత్వం ముందుగా గమనించలేదనుట సరికాదు. 1922 ఆరంభంలోనే అధికారులు అతనిని అనుమానించి కొంతకాలం నర్సీపట్నంలో నిఘాలో ఉంచారు. ఆ తరువాత పైడిపుట్టలో భూమి ఇప్పించి స్థిరపడేట్లు చూశారు. నాటి ప్రభుత్వ దృష్టి సహాయనిరాకరణోద్యమం మీద ఉంది. రాజు ఆ ఉద్యమ ప్రచారకుడా, కాడా అన్నదే వారికి ముఖ్యమైన ప్రశ్న అయింది.

మన్యంలో రగులుతున్న కారణాలు వేరు. నర్సీపట్నం నుండి కొండమీదికి వేస్తున్న రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ కూలీలకు సరిగా కూలి ఇవ్వలేదు. పోడు వ్యవసాయంపై అటవీ ఆంక్షలు బిగిశాయి. గాం గంటందొర వంటి పెద్దలు తమ పదవులను, భూములను పోగొట్టుకున్నారు. ఇవన్నీ రెవెన్యూ, అటవీ కాగితాలలో ఉన్న విషయాలే. వాటిని ఒకచోట చేర్చి చదవడం ఎవరి పనీ కాలేదు.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగి 26 తుపాకులు పోయాయి. సెప్టెంబరు 24న దామనపల్లి వద్ద స్కాట్ కవర్డు, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు మరణించారు. వారి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సును రప్పించినా, 1924 మే 7న రాజు మరణించేవరకు తిరుగుబాటు అణగలేదు.

ప్రత్యేక నిఘా విభాగం

1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు వద్ద ఎస్.ఆర్. శంకరన్ సహా పలువురు ఐ.ఏ.ఎస్. అధికారులను నక్సలైట్లు అపహరించారు. 1989లో కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో గ్రేహౌండ్స్ దళం ఏర్పడింది. దానికి సమాచారం అందించే ప్రధాన సంస్థ ప్రత్యేక నిఘా విభాగం (ఎస్.ఐ.బి.).

జిల్లా స్పెషల్ బ్రాంచి ఉద్యోగి ఎన్నికలు, కార్మిక సమ్మెలు, మత ఊరేగింపులు, విద్యార్థి సంఘాలు అన్నిటినీ చూడవలసి వస్తుంది. ఎస్.ఐ.బి.కి ఉన్నది ఒకే విషయం. ఏళ్ళ తరబడి అదే విషయం చూడడం వలన పేర్లు, బంధుత్వాలు, దళాల రాకపోకలు సిబ్బందికి కంఠతా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్ల బలం తగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణంగా పరిగణింపబడుతున్నది. ఎదురుకాల్పుల పేరిట జరిగిన మరణాలపై పౌరహక్కుల సంఘాలు అదే కాలంలో తీవ్రమైన అభ్యంతరాలు తెలిపాయి.

ఈ పద్ధతికి రాష్ట్ర సరిహద్దే హద్దు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవపై జరిగిన దాడిలో 38 మంది మరణించారు. వారిలో అత్యధికులు గ్రేహౌండ్స్ వారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమ హత్యకు గురైనప్పుడు నిఘా వైఫల్యమన్న విమర్శ వచ్చింది.

పరిశోధన, విధానం

దళం ఎక్కడ ఉంది అన్నది ఒక ప్రశ్న. ఊరు ఎందుకు కోపంగా ఉంది అన్నది మరొక ప్రశ్న. మొదటిది సేకరణ, రెండవది పరిశోధన. రెండవదానికి జవాబు చెప్పినవి ఎక్కువగా నిఘా సంస్థలు కావు. నక్సలైట్లతో చర్చలు జరిగిన 2004లోనే ప్రభుత్వం కోనేరు రంగారావు అధ్యక్షతన భూముల కమిటీని వేసింది. ఆ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల బాక్సైటు గనులకై వెలువడిన జి.ఓ. 97 మన్యమంతటా వ్యతిరేకతను రేపి, అదే నెలలో నిలిచిపోయి, 2019లో రద్దయింది.

రోలుగుంట, రావికమతం, గొలుగొండ, నాతవరం మండలాలలో షెడ్యూల్డు ప్రాంతం వెలుపల ఉండిపోయిన గిరిజన గ్రామాలు ఉన్నాయి. భూమి బదలాయింపు నిషేధ చట్టం వీటికి వర్తించదు. వీటిని షెడ్యూలులో చేర్చాలన్న కోరిక చాలా కాలంగా ఉంది. ఏజెన్సీ అనే గీత వద్ద ఆగిపోయే పరిశీలనకు ఇటువంటి గ్రామాలు అందవు.

కేంద్ర స్థాయిలో

1887లో మొదలైన ఇంటెలిజెన్స్ బ్యూరో నుండి విదేశీ విభాగాన్ని వేరుచేసి 1968లో రా సంస్థను స్థాపించారు. కార్గిల్ యుద్ధానంతరం కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం 1999 డిసెంబరులో నివేదిక సమర్పించింది. సంస్థల మధ్య సమన్వయం లేకపోవడం, వచ్చిన సమాచారాన్ని కలిపి బేరీజు వేయకపోవడం ప్రధాన లోపాలని అది పేర్కొన్నది. తదుపరి సంస్కరణలలో భాగంగా మల్టీ ఏజెన్సీ సెంటరు 2001లోను, రక్షణ గూఢచార సంస్థ 2002లోను ఏర్పడ్డాయి.

విషయం తగ్గినప్పుడు

2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవులలో మావోయిస్టు నాయకుడు హిడ్మా మరణించాడు. ఒకే విషయానికై నిర్మించిన సంస్థలో ఆ విషయం క్షీణించినపుడు, మిగిలిన సామర్థ్యాన్ని దేనికి వాడాలో నిర్ణయించడం కొత్తది ప్రారంభించడం కంటె కష్టం. ఇటువంటి సంస్థలకు ప్రత్యేక చట్టం లేనందువలన, వాటి ప్రాధాన్యాలను బయటివారు తనిఖీ చేసే మార్గాలు తక్కువ. ఫోన్లను వినడానికి మాత్రం హద్దులున్నాయి. 1996 నాటి పీయూసీఎల్ తీర్పులో సుప్రీంకోర్టు అందుకు హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఉండాలని, అది రెండు నెలలే చెల్లునని, మొత్తం ఆరు నెలలు మించరాదని నిర్దేశించింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు చెందిన ఎస్.ఐ.బి.లో రికార్డులను ధ్వంసం చేశారన్న ఫిర్యాదుపై 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీసు స్టేషనులో కేసు నమోదైంది. మావోయిస్టులపై నిఘాకు ఉద్దేశించిన పరికరాలను రాజకీయ నాయకుల ఫోన్లు వినడానికి వాడారన్న ఆరోపణలు ఆ దర్యాప్తులో ముందుకు వచ్చాయి.