కలకత్తా వెదురు, టాంకిన్ వెదురు, మా డర్బన్ గాలపు కర్ర

ఈసారి వంటల గురించి కాదు, పండగల గురించి కాదు. గాలపు కర్రల చరిత్ర గురించి రాస్తున్నాను.

ఈ మధ్య మా వాళ్ళ పిల్లలు చాలామంది కర్రని దుకాణంలో కొనడం మానేసి, సొంతంగా కట్టుకుంటున్నారు. గుడిలో వడ్డన అయ్యాక చేతులు కడుక్కుంటూ కూడా ఇదే మాట. వాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ బ్లాంక్ కొనాలి? రింగులు ఎక్కడెక్కడ కట్టాలి? జవాబు కోసం వాళ్ళు ఫోన్లో వీడియోలు చూస్తారు. తప్పేమీ లేదు. కానీ ఈ రెండు ప్రశ్నల వెనక నూట యాభై ఏళ్ళకి పైగా చరిత్ర ఉంది. అందులో మన దేశపు అడవులు ఉన్నాయి, మన ఓడలు కూడా ఉన్నాయి.

ముందు మాటలు చెప్పుకుందాం. బ్లాంక్ అంటే పిడి, రీలు, రింగులు ఏవీ కట్టని ఒట్టి కర్ర. దీనికి తెలుగు మాట వెతికాను. "ఒట్టి కర్ర" అనే నాకు నచ్చింది, కానీ డర్బన్ దుకాణంలో అలా అడిగితే ఎవరూ ఇవ్వరు. గైడ్ అంటే లైన్ జారిపోయే రింగు. రింగుని కర్రకి దారంతో చుట్టి కడతారు, పైన ఎపాక్సీ పూస్తారు. గాలం, కణుపు, బద్ద, నార అనే మాటలు మన భాషలో ముందు నుంచీ ఉన్నాయి. వెదురు గురించి చెప్పాలంటే తెలుగు చాలా సుఖం.

కథ వెదురుతోనే మొదలవుతుంది. 19వ శతాబ్దం మధ్యలో అమెరికాలో, పెన్సిల్వేనియాలోని ఈస్టన్ అనే ఊళ్ళో శామ్యూల్ ఫిలిప్ అని తుపాకులు చేసే పనివాడు ఉండేవాడు. ఆయన వెదురుని నిలువుగా చీల్చి, బద్దలని జిగురుతో అతికించి కర్ర చేశాడు. వెదురులో బలమంతా పై తొక్క కింద ఉన్న నారలో ఉంటుంది. లోపలి భాగం మెత్తన. అందుకని బద్దల పై తొక్క బయటికి వచ్చేలా, మెత్తటి భాగం లోపలికి పోయేలా అతికిస్తారు. 1870లలో మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లెనర్డ్ ఆరు బద్దల కర్రలు చేసి పేరు తెచ్చుకున్నాడు. బద్దలు కోయడానికి యంత్రం కూడా తయారు చేసుకున్నాడు.

ఆ పనివాళ్ళు వాడిన వెదురు పేరు కలకత్తా కేన్. అది కలకత్తా ఊళ్ళో పెరగలేదు. ఎక్కడో లోపలి అడవుల్లో నరికి, కలకత్తా రేవులో ఓడ ఎక్కించారు, అంతే. బొంగుల మీద కాల్చిన మచ్చలు ఉండేవి. ఆ మచ్చలు చూసి ఇది కలకత్తా కేన్ అని గుర్తుపట్టేవారు. వృక్షశాస్త్రం వాళ్ళు దాన్ని సాధారణంగా డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అంటారు. ఇంగ్లీషులో మగ వెదురు అని కూడా పేరు, ఎందుకంటే మొదలు భాగం దాదాపు గట్టిగా, బోలు లేకుండా ఉంటుంది. మన దేశంలో ఇంగ్లీషు సైనికులు దాన్ని బల్లెం కర్రలకి వాడేవారు. తెలుగులో దాని పేరు సాధనపు వెదురు. నల్లమలలో, తూర్పు కనుమల్లో కూడా అది పెరుగుతుంది. ఈ పేరు మొదటిసారి చదివిన రోజు నేను పెన్ను కింద పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. నేను ఎప్పుడూ చూడని అడవి, కానీ ఆ చెట్టు సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అదే నెలలో బెల్వెడేర్ అనే ఓడ కలకత్తా నుంచి వచ్చింది. 1911 వరకు ఇలా లక్షా యాభై వేల మందికి పైగా చెరుకు తోటల కోసం, రైలు పనుల కోసం నాటాల్ వచ్చారు. కలకత్తాలో ఓడ ఎక్కినవాళ్ళు కలకత్తియా అయ్యారు. మద్రాసులో ఎక్కినవాళ్ళు మద్రాసీ అయ్యారు. మా వాళ్ళది విశాఖపట్నం జిల్లా. మద్రాసు ఊరితో మాకు ఏ సంబంధమూ లేదు. వెదురుకి జరిగిందే మనుషులకీ జరిగింది. ఎక్కడ పుట్టావని ఎవరూ అడగలేదు, ఏ రేవులో ఎక్కించారో అదే పేరు.

సరే, మళ్ళీ కర్ర దగ్గరికి వద్దాం. 20వ శతాబ్దం వచ్చేసరికి కలకత్తా కేన్ పోయి టాంకిన్ కేన్ వచ్చింది. దాని నార ఇంకా చిక్కన. కణుపుల మధ్య దూరం ఎక్కువ, కణుపులు పెద్దగా ఉబ్బి ఉండవు. చీల్చేవాడికి అది వరం. టాంకిన్ అంటే ఉత్తర వియత్నాం పాత పేరు. కానీ ఈ వెదురు పెరిగేది చైనాలో, గ్వాంగ్‌డాంగ్ కొండల్లో! మళ్ళీ అదే కథ. 1931లో మెక్‌క్లూర్ అనే వృక్షశాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అందులో అమాబిలిస్ అనే మాటకి ముద్దొచ్చేది అని అర్థం.

1950 చివర్లో, కొరియా యుద్ధం మధ్యలో, అమెరికా చైనా సరుకుల్ని ఆపేసింది. 1970ల మొదట్లో గానీ ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. ఇరవై ఏళ్ళు టాంకిన్ కేన్ దొరకలేదు. ఆ లోపల గాజు నార వచ్చి కూర్చుంది. ఒహాయోలో ఆర్థర్ హోవాల్డ్ అనే ఆయన గాజు పోగుల్ని రెసిన్‌తో కలిపి కర్ర చేశాడు. షేక్‌స్పియర్ అనే కంపెనీ 1940ల చివర దాన్ని అమ్మకానికి పెట్టింది. గాజు కర్ర బరువు, నెమ్మదిగా వంగి నెమ్మదిగా లేస్తుంది. కానీ ఉప్పునీళ్ళకి కుళ్ళదు, బండకి తగిలినా వెంటనే విరగదు. తర్వాత కార్బన్. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో విమానాల పరిశోధన కేంద్రం వాళ్ళు 1960లలో గట్టి కార్బన్ పోగు తయారు చేశారు. 1970లలో ఫెన్‌విక్ అనే అమెరికా కంపెనీ కార్బన్ కర్రలు అమ్మడం మొదలుపెట్టింది. కార్బన్ తేలిక, బిగువు, చాలా దూరం విసురుతుంది. కానీ రాతి మీద చిన్న దెబ్బ తగిలితే, ఆ చోటే ఒకరోజు చటుక్కున విరుగుతుంది. ఇంకొకటి, కార్బన్‌లో కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద, ఉరుములప్పుడు ఆ కర్రని పైకెత్తి నడవకండి. ఇది పిల్లలకి వందసార్లు చెప్పాను.

రింగుల కథ దీని పక్కనే నడిచింది. మొదట్లో లైన్ కర్ర కొసకి కట్టేసేవారు, రీలు లేదు కాబట్టి రింగూ లేదు. రీలు వచ్చాక ఊగే రింగులు, తర్వాత నిలబడే రింగులు. లైన్ రాపిడికి లోహం అరుగుతుందని లోపల అగేట్ రాయి పెట్టారు. 1938లో నైలాన్ వచ్చింది. దాని తర్వాత సన్నగా అల్లిన లైన్లు వచ్చాయి, అవి మెత్తటి రింగుని రంపంలా కోస్తాయి. అందుకని జపాన్‌లో ఫూజీ వాళ్ళు అల్యూమినియం ఆక్సైడ్ రింగులు, 1980ల నుంచి ఇంకా గట్టివైన సిలికాన్ కార్బైడ్ రింగులు తెచ్చారు. లైన్ మారిన ప్రతిసారీ రింగు మారింది. బ్లాంక్ తేలికైన కొద్దీ రింగు బరువు కూడా లెక్కలోకి వచ్చింది. వెదురు కర్ర మీద ఒక బరువైన రింగు ఎక్కువైతే తేడా తెలియదు. సన్నటి కార్బన్ కొస మీద తెలుస్తుంది.

మా డర్బన్‌లో ఇంకో లెక్క ఉంది. ఇక్కడి పెద్దవాళ్ళు స్కార్‌బరో రీలు వాడేవారు. ఇది కూడా ఊరి పేరే, ఇంగ్లండులో యార్క్‌షైర్ తీరాన ఉంది! పెద్ద చక్రం లాంటి రీలు. పళ్ళచక్రాలు లేవు, బ్రేకు లేదు. చేపని ఆపేది మీ అరచెయ్యే. దాన్ని కర్ర అడుగున, మొదలుకి దగ్గరగా కడతారు. లైన్ చక్రం నుంచి నేరుగా వస్తుంది కాబట్టి మొదటి రింగు పెద్దగా ఉండక్కర్లేదు. ఇప్పటి స్పిన్నింగ్ రీలుకి ఇక్కడ కాఫీ గ్రైండర్ అని పేరు. దాని నుంచి లైన్ చుట్లు చుట్లుగా వస్తుంది. ఆ చుట్లని మెల్లగా సన్నం చేయడానికి మొదటి రింగు పెద్దగా, రీలుకి దూరంగా ఉండాలి. రెండు రీళ్ళకీ ఒకే రింగుల కొలత పనికిరాదు. వీడియోల్లో చెప్పేవాళ్ళు ఎక్కువమంది కాఫీ గ్రైండర్ సంగతే చెప్తారు.

మా పెదనాన్న కర్ర నా దగ్గర ఉంది. చీల్చి అతికించింది కాదు, నిండు వెదురు. పొడవు 12 అడుగుల 4 అంగుళాలు. మధ్యలో ఇత్తడి గొట్టంతో అతుకు ఉంది. రింగులు ఐదు, కొసన ఇంకొకటి. కొస నుంచి కొలిస్తే 8, 20, 37, 60, 90 అంగుళాల దగ్గర ఉన్నాయి. మధ్య దూరాలు 8, 12, 17, 23, 30. కిందకి వచ్చేకొద్దీ పెరుగుతున్నాయి చూడండి. ఎక్కువ వంగే కొస దగ్గర రింగులు దగ్గరగా, వంగని చోట దూరంగా. ఈ రోజు వీడియోల్లో చెప్పేది కూడా ఇదే. కానీ ఏ రింగూ కణుపు మీద లేదు. కణుపు మీద రింగు కాలు సరిగ్గా కూర్చోదు. అందుకని లెక్క కొంచెం, వెదురు చెప్పింది కొంచెం.

రీలు కట్టిన మచ్చ మొదలుకి 9 అంగుళాల దూరంలో ఉంది. అంటే స్కార్‌బరో. కొస రింగులో సన్నటి గాడి ఒకటి పడింది, నైలాన్ కోసిన గాడి. మరి ఆ అతుకు ఎందుకు? 1960లలో గ్రూప్ ఏరియాస్ చట్టం కింద మా వాళ్ళని సముద్రం దగ్గరి ఇళ్ళ నుంచి లేపి చాట్స్‌వర్త్ పంపారు. అంతకుముందే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, సాలిస్బరీ ఐలాండ్ మీద వలలు వేసుకుని బతికే భారతీయ కుటుంబాలు నేవీ కోసం ఆ చోటు వదులుకోవాల్సి వచ్చింది. చాట్స్‌వర్త్ నుంచి సముద్రానికి బస్సే దిక్కు. పన్నెండు అడుగుల కర్రతో బస్సు ఎక్కనివ్వరు. కాబట్టి పెదనాన్న మంచి కర్రని మధ్యకి కోసి ఇత్తడి గొట్టం పెట్టించాడు. కోసిన చోట రెండు వైపులా దారం రంగు ఆకుపచ్చ, మిగిలిన చోట్ల ఎరుపు. ఎరుపు ముందుది, ఆకుపచ్చ తర్వాతిది. అతుకు ఉన్న చోట కర్ర సరిగ్గా వంగదని ఆయనకి తెలుసు. తెలిసే కోశాడు.

పెదనాన్న డైరీ రాయలేదు. ఆయనకి సంతకం తప్ప రాత రాదు. ఓడ కాగితాల్లో ఆయన తాత పేరు, జిల్లా, ఒక నంబరు ఉన్నాయి. ఆ తర్వాత మాకు మిగిలిన కాగితం ఏదీ లేదు. అందుకే మా అన్నయ్య మనవడు ఈ కర్రకి పాత రింగులు తీసేసి కొత్త ఫూజీ రింగులు కడతానని అడిగితే నేను ఒప్పుకోలేదు. వాడు రెండు రోజులు అలిగాడు. తర్వాత ఇద్దరం కూర్చుని ప్రతి రింగు చోటు, ప్రతి దారం రంగు ఒక పుస్తకంలో రాసుకున్నాం. ఇంగ్లీషులో వాడు, తెలుగులో నేను.

వాడికి కొత్త బ్లాంక్ కొన్నాం. కార్బన్, గాజు కలిపిన బ్లాంక్, రెండు ముక్కలు, 13 అడుగులు. పూర్తి కార్బన్ కావాలని వాడి కోరిక. కానీ వాడు నిలబడేది బండల మీద, షాడ్ చేపల కోసం. అక్కడ కర్ర రాయికి తగలకుండా ఉండదు. బ్లాంక్ మీద రాసిన సంఖ్యలు చూసి కొనకండి అని నా మాట. ఎంత బరువు సీసం విసురుతారో, ఎక్కడ నిలబడతారో చూసి కొనండి.

రింగులకి ముందు దారం చుట్టొద్దు. మాస్కింగ్ టేపుతో అంటించండి. లైన్ రింగుల్లోంచి తీసి, కొసకి బరువు కట్టి, కర్రని బాగా వంచండి. పక్కనుంచి చూడండి. లైన్ కర్ర వంపుతో పాటే నడవాలి. ఎక్కడైనా రెండు రింగుల మధ్య లైన్ తిన్నగా గీతలా పోయి కర్ర నుంచి విడిపోతే, అక్కడ రింగు జరపాలి, లేకపోతే ఇంకొకటి పెట్టాలి. రింగులు పైవైపు ఉండే రీలైతే లైన్ బ్లాంక్‌కి తగలకూడదు. కొందరు బ్లాంక్‌కి వెన్ను ఎటు ఉందో వెతికి, దాని మీదే రింగులు కడతారు. గుడ్డ చుట్టి చేసే బ్లాంక్‌లో పొరలు ఒకదాని మీద ఒకటి పడిన వైపు కొంచెం గట్టిగా ఉంటుంది, అదే వెన్ను. నాకు మాత్రం కర్ర చూపుకి తిన్నగా ఉండే వైపే ముఖ్యం. రింగులు పైన ఉంటే లోడు పడగానే కర్ర కిందకి తిరగాలనే చూస్తుంది, వెన్ను ఎటున్నా సరే.

వాడు తన కర్రకి ఎనిమిది రింగులు పెట్టాడు. కాఫీ గ్రైండర్ రీలు, మొదటి రింగు పెద్దది. దారం ఏ రంగు అని అడిగాను. ఆకుపచ్చ అన్నాడు. అతుకు దగ్గర మాత్రం ఎరుపు.