ఉదయము 10 గంటల 22 నిమిషములకు

నూరేండ్ల పండుగ వేళ మన పెద్దలను, మిషనెరీలను, కట్టిన ఆలయములను జ్ఞాపకము చేసికొనుచున్నాము. సంతోషదినములను జ్ఞాపకము చేసికొనుట సులువు. ఘోరదినమును ఏటేటా ఆచరించుట మరియొక సంగతి. అట్లు చేయుచున్న ఒక సంఘమును గూర్చి వ్రాయదలచితిని.

అమెరికాలోని అలబామా రాష్ట్రములో, బర్మింగ్‌హామ్ పట్టణమున పదహారవ వీధి బాప్టిస్టు దేవాలయమున్నది. నల్లజాతి వారి సంఘమది. పౌరహక్కుల ఉద్యమము వారు కూడుకొను స్థలము గూడ అదే. 1963 సెప్టెంబరు 15 ఆదివారమున, యౌవనస్థుల ఆరాధనకు సిద్ధపడుచున్న నలుగురు బాలికలు ఆలయపు క్రింది అంతస్తులో బాంబు ప్రేలి మరణించారు. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కెరోల్ రాబర్ట్‌సన్ పదునాలుగేండ్ల వారు. డెనీస్ మెక్‌నేర్‌కు పదకొండు. బాంబు పెట్టినవారు కు క్లక్స్ క్లాన్ అను జాతిద్వేష సంఘము వారు. నాటి సండే స్కూలు పాఠము క్షమించు ప్రేమను గూర్చినది!

ప్రతి సెప్టెంబరు 15న అదే సమయమునకు, 10 గంటల 22 నిమిషములకు, అక్కడ గంట మ్రోగుతుంది. ఆ నలుగురి పేర్లు చదువుతారు.

క్షమించుట అనగా మరచిపోవుట అని మన సంఘములలో తరచు వింటాము. బర్మింగ్‌హామ్ విశ్వాసులు అట్లు తలంచలేదు. అనుమానితులెవరో 1965 నాటికే అధికారులకు తెలిసినా, మొదటివానికి శిక్షపడినది 1977లో. మరి ఇద్దరికి 2001లోను, 2002లోను పడినది. నాలుగవవాడు విచారణ లేకయే 1994లో చనిపోయాడు. ఆ సంవత్సరములన్నిటిలో ఆ తేదీని జ్ఞాపకముంచుట న్యాయము అడుగుట కూడ అయినది.

ప్రేలుడులో పాడైన అద్దపు కిటికీలకు బదులుగా వేల్సు దేశపు ప్రజలు ఒక కిటికీ పంపారు. ధనవంతుడెవడో ఒక్కడే ఇచ్చివేయకుండ, ఒక్కొక్కరు అరక్రౌనుకు మించి ఇవ్వరాదని నియమము పెట్టారు. పిల్లలు గూడ నాణెములు తెచ్చారు. మన స్త్రీల పిడికెడు బియ్యపు కానుక నెరిగినవారికి ఈ నియమము వేరుగా వివరింపనక్కరలేదు. జాన్ పెట్స్ అను చిత్రకారుడు చేసిన ఆ కిటికీలో క్రీస్తు నల్లనివాడు, చేతులు చాచినవాడు. ఒక చేయి అన్యాయమును త్రోసివేయుచున్నది, రెండవది క్షమాపణ నిచ్చుచున్నది. క్రింద మత్తయి 25వ అధ్యాయపు మాట యున్నది. 1965 నుండి అది అక్కడ నిలిచియున్నది.

అయితే ఆ దినమున చనిపోయిన పిల్లలు నలుగురే కారు. అదే ఆదివారము సాయంకాలములోగా ఇద్దరు నల్లజాతి బాలురు తుపాకి గుండ్లకు బలియైనారు. పదునారేండ్ల జానీ రాబిన్సన్‌ను వీపుమీద కాల్చినవాడు ఒక పోలీసు. పదుమూడేండ్ల వర్జిల్ వేర్ అన్న సైకిలు ముందుభాగమున కూర్చుండి పోవుచుండగా తెల్లజాతి కుర్రవాడొకడు కాల్చాడు. వీరు ఆలయములో చనిపోలేదు గనుక కాబోలు, చాలకాలము వీరి పేర్లు అంతగా వినబడలేదు. సంఘముల జ్ఞాపకము గోడలదాకనే వచ్చి ఆగిపోవుట కొత్త కాదు.

ఏబదియవ వార్షికమైన 2013లో, ఆలయమున కెదురుగానున్న పార్కులో నలుగురు బాలికల శిల్పము నెలకొల్పారు. డెనీస్ చేతులనుండి ఎగురు పావురములు ఆరు. పీఠము మీద ఆ బాలుర చిత్రములున్నవి. నాడు ఒక కన్ను పోగొట్టుకొని బ్రదికిన ఆడీ మే చెల్లెలు సారా చిత్రము గూడ ఉన్నది. ఆమె కోరిన క్షమాపణను రాష్ట్ర గవర్నరు వ్రాతపూర్వకముగా తెలిపినది 2020లో, అనగా 57 సంవత్సరముల తరువాత.