కంటిని చూసి రక్తంలో గీసిన గీత

మూడు నెలల షుగరు పరీక్ష అంటే ఇవాళ హైదరాబాదులోనూ అనకాపల్లిలోనూ తెలియని ఇల్లు తక్కువ. రిపోర్టు చేతికి రాగానే హెచ్‌బీఏ1సీ 6.5 దాటిందా అని వెతుక్కుంటారు. ఆ 6.5 వెనక ఉన్న చరిత్ర సగం రక్తంలో, సగం కంట్లో నడిచింది.

కంటి కథే ముందు మొదలైంది. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించాక, బతికున్న మనిషి రెటీనాను వైద్యులు మొదటిసారి చూడగలిగారు. ఆ దశాబ్దంలోనే వియన్నా వైద్యుడు ఎడ్వర్డ్ యేగర్ షుగరు రోగి రెటీనాలో మచ్చలను వర్ణించాడు. వాటికి కారణం షుగరా, రక్తపోటా అన్న వాదన మాత్రం దశాబ్దాల పాటు తెగలేదు.

1922లో ఇన్సులిన్ వచ్చింది. పసితనంలోనే పోవలసినవాళ్లు ఇరవై, ముప్ఫై ఏళ్లు బతికారు. ఆ బతికిన ఏళ్లలో చాలామందికి చూపు పోసాగింది. ప్రసవం తర్వాత పిట్యుటరీ గ్రంథి చెడిపోయిన ఒక స్త్రీకి రెటీనా జబ్బు తగ్గిందని 1953లో డెన్మార్క్ వైద్యుడు పౌల్సెన్ రాశాడు. దాంతో కొందరు రోగులకు ఏకంగా ఆ గ్రంథినే తీసేశారు. చూపు కోసం మనుషులు అంతటి శస్త్రచికిత్సకు ఒప్పుకున్న రోజులవి.

అసలు చిక్కు కొలతలో ఉంది. ఉదయం ఉన్న షుగరు సాయంత్రం ఉండదు. నెలల తరబడి ఎంత ఉందో తెలియకుండా కంటికి కలిగిన నష్టాన్ని దానితో ఎలా ముడిపెట్టడం?

దారి టెహ్రాన్‌లో దొరికింది. అక్కడి విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త శామ్యూల్ రహ్బర్ రోగుల రక్తంలో అసాధారణ హిమోగ్లోబిన్ల కోసం గాలిస్తున్నాడు. షుగరు ఉన్న ఇద్దరి నమూనాల్లో ఒక వింత హిమోగ్లోబిన్ కనిపించింది. అక్కడితో వదిలేయకుండా మరో 47 మంది షుగరు రోగుల రక్తం పరీక్షించాడు, అందరిలోనూ అదే. 1968లో ఆ సంగతి ప్రచురించాడు. రక్తంలోని గ్లూకోజు హిమోగ్లోబిన్‌కు అంటుకుని, ఎర్రకణం బతికే సుమారు 120 రోజులూ ఉండిపోతుందని తర్వాత తేలింది; అలా గ్లూకోజు అంటుకున్న హిమోగ్లోబిన్ శాతమే హెచ్‌బీఏ1సీ. ఇరాన్ విప్లవం తర్వాత రహ్బర్ అమెరికా చేరి, 2012లో కన్నుమూశాడు. కోట్లమంది చేయించుకునే పరీక్షకు మూలమైన ఆ మనిషి పేరు మనకు ఇంకా బాగా తెలియాలి.

1976లో న్యూయార్కులో శాస్త్రవేత్తలు సెరామీ, కోనిగ్‌ల బృందం షుగరు అదుపులోకి వస్తే హెచ్‌బీఏ1సీ కూడా దిగుతుందని ఐదుగురు రోగుల్లో చూపింది. ఇక కంటి ప్రశ్నను తేల్చడానికి అమెరికా, కెనడాల్లో 1983లో మొదలైన డీసీసీటీ అధ్యయనం 1,441 మంది టైప్ 1 రోగులను తీసుకుంది. కట్టుదిట్టమైన చికిత్స పొందిన వర్గంలో హెచ్‌బీఏ1సీ 7 దగ్గర, మామూలు చికిత్స పొందిన వర్గంలో 9 దగ్గర నడిచింది. 1993లో ఫలితాలొచ్చాయి: అంతకుముందు రెటీనా జబ్బు లేనివాళ్లలో, కట్టుదిట్టమైన చికిత్స ఆ ముప్పును 76 శాతం తగ్గించింది. వాదన ముగిసింది.

ఆ తర్వాత కన్నే రక్తానికి హద్దు గీసింది. పలు దేశాల్లో వేలాదిమంది రెటీనాలను వాళ్ల రక్తపరీక్షలతో పోల్చగా, 6.5 దగ్గర నుంచి షుగరు వల్ల వచ్చే కంటి జబ్బు స్పష్టంగా పెరుగుతోందని తేలింది. 2009లో అంతర్జాతీయ నిపుణుల సంఘం దాన్నే షుగరు నిర్ధారణకు గీతగా సూచించింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది.

అయితే రక్తహీనత ఈ అంకెను తప్పుదారి పట్టించవచ్చు. పైగా ఒకే అంకె ఉన్న ఇద్దరిలో ఒకరి రెటీనా దెబ్బతిని, మరొకరిది బాగుండవచ్చు. జబ్బు ముదిరేదాకా చూపులో తేడా తెలియకపోవచ్చు కూడా. అందుకే షుగరు ఉన్నవాళ్లు రిపోర్టులో అంకె బాగుందని ఆగకుండా, ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి.