టన్నుల లెక్కకు అందని మార్పు: తెనాలి, బాపట్ల, రేపల్లె రైలు మార్గాలు - బొగ్గు ఆక్సీకరణం

తెనాలి, బాపట్లల మీదుగా బెజవాడ-మద్రాసు రైలు మార్గం 1899లో ఏర్పడింది. తెనాలి నుంచి రేపల్లెకు శాఖా మార్గం 1916లో వచ్చింది. రైల్వే చరిత్రను మైళ్లలో, బొగ్గు చరిత్రను టన్నులలో లెక్కించడం పరిపాటి. అయితే గని వద్ద తూచిన టన్ను, ఇంజను పొయ్యిలో పడిన టన్ను రసాయనికంగా ఒకటి కావు.

ఈ మార్గాలకు సమీపంలోని బొగ్గు క్షేత్రం సింగరేణి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అదే ఏడాది నిజాం రైలు మార్గం బెజవాడకు చేరింది. ఇది కోకింగుకు పనికివచ్చే బొగ్గు కాదు. కాబట్టి ఆక్సీకరణం వల్ల ముద్దకట్టే గుణం నశించడం, ఉక్కు పరిశ్రమకు ఎంత నష్టమైనా, ఇక్కడ లెక్కలోకి రాదు. వేడి తగ్గడం, నిల్వకు నిప్పంటుకోవడం మాత్రమే సమస్యలు.

బొగ్గు తనంతట తానే మండడానికి దానిలోని పైరైట్ కారణమని 1686లోనే ఇంగ్లండులో రాబర్ట్ ప్లాట్ ఊహించాడు. బొగ్గు పదార్థమే ఆక్సిజన్‌ను పీల్చుకుంటుందని 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో జర్మనీలో రిక్టర్స్ చూపాడు. ఓడలలో బొగ్గు తగలబడటంపై బ్రిటిష్ రాయల్ కమిషన్ 1876లో నివేదిక ఇచ్చింది.

కొత్తగా విరిగిన బొగ్గు ముఖంపై ఆక్సిజన్ మొదట అధిశోషణం చెందుతుంది. ఆపై అస్థిరమైన పెరాక్సైడ్ సమ్మేళనాలు ఏర్పడి, విచ్ఛిన్నమై, కార్బొనిల్, కార్బాక్సిల్ సమూహాలను మిగులుస్తాయి. కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వెలువడతాయి. నీటిని అంతగా అంటనివ్వని ఉపరితలం క్రమంగా నీటిని ఆకర్షించేదిగా మారుతుంది. పది సెంటీమీటర్ల ఘనాన్ని ఒక సెంటీమీటరు ఘనాలుగా పగలగొడితే ఉపరితల వైశాల్యం పదింతలవుతుంది. కుప్పలో పొడిబొగ్గు ప్రమాదకరం కావడానికి ఇదొక కారణం.

తీరప్రాంతపు ఎండ-వానల వరుస ఈ ప్రక్రియకు తోడ్పడేదే. ఎండకు తేమ పోయి కొత్త రంధ్రాలు గాలికి తెరుచుకుంటాయి. ఎండిన బొగ్గు మళ్లీ తడిసినప్పుడు కొంత ఉష్ణం పుడుతుంది. పెద్ద కుప్ప లోపలి నుంచి ఆ వేడి బయటికి పోలేదు. రేపల్లె శాఖపై ఇంజను వెంట సాగే బొగ్గుకు మాత్రం అంతగా వేడెక్కే వ్యవధి ఉండదు. జరగవలసిన నష్టం అంతకుముందు నిల్వస్థలంలోనే జరిగి ఉంటుంది. అందుకే కుప్పలను తక్కువ ఎత్తున పోయడం, ముందు వచ్చిన బొగ్గును ముందు వాడటం నిల్వ నియమాలయ్యాయి. స్టోర్ల రిజిస్టర్లను పరిశీలించే పరిశోధకునికి బొగ్గు బరువుతోపాటు అది చేరిన తేదీ, వాడిన తేదీ కూడా అంతే ముఖ్యమైన ఆధారాలు.