ఏరియల్ కట్టిన గోడ

కొన్నేళ్ల కిందట ఒక సెమినార్ పత్రంలో ఒక వాక్యం రాశాను. డిస్నీ కార్టూన్ సినిమాల రెండో భాగాలు నాసిరకంగా ఉండటానికి కారణం, బొమ్మలు గీసే పనిని పరాయి దేశాలకు అప్పగించడమేనని. సభలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. టీ తాగేటప్పుడు మాత్రం, హైదరాబాద్‌లో విదేశీ కార్టూన్ సీరియళ్లకు బొమ్మలు గీసే ఒకమ్మాయి నా పక్కకొచ్చింది. కథ, పాత్రల నమూనాలు, గడువు అన్నీ అక్కడినుంచే వస్తాయి మేడం, చెయ్యి మాత్రమే మాది, అంది. కోపంగా కూడా అనలేదు.

ఇంటికెళ్లి ‘ది లిటిల్ మెర్‌మెయిడ్’ రెండో భాగం మళ్లీ చూశాను. 1989 నాటి మొదటి సినిమాలో తండ్రి మాట కాదని సముద్రం దాటిన ఏరియల్, 2000లో థియేటర్లకు రాకుండా నేరుగా వీడియోగా విడుదలైన ఈ సినిమాలో తల్లి. మంత్రగత్తె మోర్గానాకు భయపడి కోటకూ సముద్రానికీ మధ్య గోడ కట్టిస్తుంది. తన పుట్టిల్లు సముద్రమన్న సంగతి కూతురు మెలడీకి పన్నెండేళ్లొచ్చినా చెప్పదు. ఎంత మంచి కథ కావలసింది! కట్టు తెంచుకున్న ఆడపిల్లే తల్లయ్యాక కాపలాదారు ఎలా అవుతుందో మనకు తెలియనిదా? సినిమా ఆ గాయాన్ని ముట్టుకుని, వెంటనే పెంగ్విన్, వాల్రస్‌ల హాస్యంలోకి జారుకుంటుంది. ఆ జారుడు సిడ్నీలో బొమ్మలు గీసినవాళ్లు నిర్ణయించింది కాదు.

సిడ్నీలోది డిస్నీ సొంత శాఖే. ఈ వరసకు నాంది పలికిన 1994 నాటి ‘ది రిటర్న్ ఆఫ్ జాఫర్’లోనూ దాని చెయ్యి ఉంది. ‘అల్లాదీన్’కు సుమారు రెండు కోట్ల ఎనభై లక్షల డాలర్లు పెట్టిన సంస్థ, దాని కొనసాగింపుకు పెట్టింది ముప్పై అయిదు లక్షల దాకా. క్యాసెట్లు కోటికి పైగా అమ్ముడుపోయాయి. తక్కువలో చుట్టేసినా కొంటారని తేలాక ఇక ఎక్కువ ఎందుకు పెడతారు? అదే సిడ్నీ శాఖ 2006లో ‘బాంబి’ రెండో భాగం చేసింది. తల్లి పోయిన జింకపిల్లను ఎలా దగ్గరికి తీసుకోవాలో తెలియని తండ్రి కథ అది. అడవిలోని వెలుతురు, ఆ తండ్రి తడబాటు నాకిప్పటికీ గుర్తున్నాయి. చేతకానివాళ్ల పనా అది? ఆ ఏడాదే ఆ శాఖను మూసేశారు.

‘చెయ్యి మాత్రమే’ అన్న మాట నన్ను ఇంకా వెనక్కి తీసుకెళ్లింది. 1937 నాటి ‘స్నో వైట్’లో పురుషులు గీసిన బొమ్మలను సెల్యులాయిడ్ పలకల మీదికి ఎత్తి, రంగులు నింపింది ఆడవాళ్లు. వెంట్రుకవాసి గీత వణికినా తెరమీద తెలిసిపోయే పని అది. వాళ్ల పేర్లు సినిమాలో లేవు. 1938లో ఒక యువతి దరఖాస్తుకు స్టూడియో ఇచ్చిన జవాబు ఇప్పటికీ దొరుకుతుంది. సృజనాత్మకమైన పని మొత్తం యువకులదేనట, ఆడవాళ్లకు అందులో చోటు లేదట. సృజన ఒకరిది, నకలు మరొకరిది అనే గీత మొదట ఒకే ఆవరణలో, స్త్రీ పురుషుల మధ్య గీశారు. తర్వాత దాన్నే సముద్రాల మీదుగా పొడిగించారు.

పని బయటికి పోతోందని హాలీవుడ్ యానిమేషన్ కార్మికులు 1979లో, 1982లో సమ్మె చేశారు. రెండోది ఓడిపోయింది. వాళ్ల ఆకలి భయాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ యజమాని మీది కోపం, గీసేవాళ్ల నైపుణ్యం మీది ఏవగింపుగా ఎంత సులువుగా మారుతుందో నా వాక్యమే సాక్ష్యం. 2007లో డిస్నీ ఇలాంటి రెండో భాగాలు ఇక తియ్యబోమని ప్రకటించినప్పుడు, పాత సినిమాల పరువు దక్కిందని అభిమానులు సంతోషించారు. సిడ్నీలో అప్పటికే బల్లలు ఖాళీ అయ్యాయి.

ఆ పత్రాన్ని ఒక సంకలనంలో వేస్తామని ఈమధ్య అడిగారు. ఆ వాక్యం కొట్టేశాను. ఆ అమ్మాయి పేరు ఆరోజు అడగలేదు.