తెల్ల సీసం ఒడంబడిక, 1921

తలుపులకు, గోడలకు వేసే తెల్లరంగు ఒకప్పుడు ఎక్కువగా తెల్ల సీసంతో తయారయ్యేది. పాత పూతను ఉప్పుకాగితంతో పొడిగా రుద్దినప్పుడు లేచే దుమ్ము పెయింటర్ల ఒంట్లో చేరి కడుపునొప్పి, రక్తహీనత, మణికట్టు వాలిపోవడం వంటి జబ్బులు తెచ్చేది.

1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభ దీనిపై 13వ ఒడంబడికను ఆమోదించింది. పూర్తి నిషేధమా, జాగ్రత్తలతో వాడకమా అన్న వాదాల మధ్య కుదిరిన రాజీ ఇది. భవనాల లోపలి పనిలో తెల్ల సీసం వాడరాదు. రైల్వే స్టేషన్లకు, పారిశ్రామిక కట్టడాలకు అవసరమైతే మినహాయింపు ఉంది. వాడే చోట దుమ్మును అరికట్టాలి, కార్మికులకు కడుక్కునే వసతి కల్పించాలి.

అయితే ధ్రువీకరించిన దేశాలకే ఇది కట్టుబాటు. బ్రిటన్ ధ్రువీకరించకుండా 1926లో సొంత చట్టం చేసుకుంది. కాబట్టి ఏ కార్మిక ప్రమాణాన్ని చదివినా, అందులోని మినహాయింపులను, ధ్రువీకరణను కూడా పరిశీలించండి. పెయింటరుకు దక్కిన రక్షణ ఎంతో అప్పుడే తెలుస్తుంది.