డ్రోన్: పోతుటీగ నుంచి శ్రుతి దాకా

నిడదవోలు చుట్టుపక్కల వరిచేలల్లో ‘డ్రోన్’ అంటే మందు చల్లే యంత్రం, పెళ్లిళ్లలో అయితే పైనుంచి వీడియో తీసేది. అందుకే ‘డ్రోన్ సంగీతం’ అనగానే ఆ వీడియోకు జోడించే పాట అనుకునేవాళ్లున్నారు. సంగీతంలో ఆ మాట యంత్రం కంటే చాలా పాతది. పాత ఇంగ్లీషులో అది పోతు తేనెటీగ పేరు. దాని రొద వల్ల ఎడతెగని ఒకే స్వరానికీ, తిత్తి వాద్యంలో ఆ స్వరం పలికే గొట్టానికీ అదే పేరైంది. విమానానికి మాత్రం 1930లలోనే అంటుకుంది: 1935 నాటి బ్రిటన్ పైలట్ లేని గురి విమానం ‘క్వీన్ బీ’, అంటే రాణి ఈగ; దానికి జోడుగా అమెరికా నౌకాదళం తన వాటిని డ్రోన్లంది. సంగీతంలోని డ్రోన్‌కు మనకు శ్రుతి అనే చక్కని మాట ఉంది. ‘శ్రు’ అంటే వినడం. విన్నది గనుక వేదం శ్రుతి, తంబురా మోతా శ్రుతే. సన్నాయి మేళంలో సన్నాయి, డోలు పక్కన శ్రుతి తెగితే రాగం నిలవదు. ‘శ్రుతి మించి రాగాన పడటం’ కూడా సంగీతం నుంచి వచ్చిన నానుడే. పాశ్చాత్య సంగీతంలోనూ ఇలాంటి మోత వినిపిస్తుంది. జాన్ జోర్న్ శాక్సఫోన్, బిల్ లాస్వెల్ బాస్, మిక్ హారిస్ డ్రమ్స్‌తో 1991లో పుట్టిన ‘పెయిన్‌కిల్లర్’ త్రయంలో గ్రైండ్‌కోర్ అనే అతివేగపు మెటల్ దరువు మీద శాక్సఫోన్ అప్పటికప్పుడు అల్లుకుపోతుంది. వారి 1994 నాటి ఆల్బమ్ ‘ఎగ్జిక్యూషన్ గ్రౌండ్’లో దీర్ఘమైన మోత ఆవరిస్తుంది. ఆ మోత గురించి తెలుగులో రాసేటప్పుడు శ్రుతి అనడమే నయం. శాక్సఫోన్‌ను కర్ణాటక కచేరీకెక్కించిన కద్రి గోపాల్‌నాథ్ వాయించిందీ శ్రుతి మీదే.